డేవిస్ పర్వతాల లూప్: పశువుల రాంచ్‌ల మధ్య 75 మైళ్ల సైకిల్ ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

పశ్చిమ టెక్సాస్‌లో ఫోర్ట్ డేవిస్ అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్లో బయల్దేరి, డేవిస్ పర్వతాలను చుట్టి, మళ్లీ అదే ఊరికి చేర్చే తారురోడ్డు పొడవు దాదాపు 75 మైళ్లు, అంటే 120 కిలోమీటర్లు. రాష్ట్ర రహదారి 118 మీద వాయవ్యంగా ఎక్కి, 166 వచ్చాక ఎడమకు తిరిగి, చివర్లో 17 మీద రెండు మైళ్లు తొక్కితే చుట్టు పూర్తవుతుంది. ఊరు దాటాక మళ్లీ ఊరు వచ్చేదాకా పెట్రోలు బంకు లేదు, కొట్టు లేదు. రెండు పక్కలా ముళ్లకంచె. కంచె అవతల కనుచూపు మేర గడ్డి, అక్కడక్కడా ఆవులు, ఎక్కడో దూరంగా ఒక గాలిమర. ఈ ఊరున్న జెఫ్ డేవిస్ కౌంటీ విస్తీర్ణం 2,260 చదరపు మైళ్ల పైమాటే. 2020 జనగణనలో అక్కడ లెక్కకొచ్చిన జనం రెండు వేలకు కాస్త తక్కువ.

డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల శనివారం పొద్దున్నే సైకిళ్లేసుకుని వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. యాభై, అరవై మైళ్లు తొక్కే అలవాటున్నవాళ్లకు 75 పెద్ద దూరంగా అనిపించదు. కాళ్ల మటుకు చూస్తే అది నిజమే. కానీ ఈ దారిలో ఆ రోజు ఎలా గడుస్తుందో తేల్చేవి కాళ్లు కావు. వెంట ఎన్ని నీళ్లున్నాయి, ఎన్ని గంటల వెలుగు మిగిలింది, ఎక్కడిదాకా వచ్చి వెనక్కి తిరగొచ్చు అన్న లెక్కలే తేలుస్తాయి. ఈ మూడూ ఇంటి దగ్గరే వేసుకోవాల్సిన లెక్కలు. కిందదంతా ఆ లెక్కలను ఒక్కొక్కటిగా ఎలా వేసుకోవాలో చెప్పడానికే.

1. ఏ నెలలో వెళ్లాలి

నా ఓటు అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా. వానలు తగ్గి ఉంటాయి, గాలి కొంచెం నెమ్మదిస్తుంది, మధ్యాహ్నం ఎండ భరించేలా ఉంటుంది. రెండో ఎంపిక మార్చి. కాకపోతే మార్చి, ఏప్రిల్ నెలల్లో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. ఆ గాలికి ఎదురు తొక్కడం కొండ ఎక్కడం కంటే కష్టం, ఎందుకంటే కొండకు శిఖరం ఉంటుంది, గాలికి ఉండదు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం పూట ఉరుములు, మెరుపుల వానలు కొండల మీదే పుడతాయి. పొద్దున ఆకాశం నీలంగా ఉందని నమ్మడానికి లేదు. 118 రోడ్డు లింపియా వాగు పక్కనే సాగుతుంది. వాగు రోడ్డు మీదికి వచ్చే పల్లపు చోట్ల అడుగుల కొలత రాసిన కర్రలు పాతి ఉంటాయి. నీళ్లు పారుతుంటే, లోతు అరడుగే అనిపించినా, సైకిల్‌తో దిగొద్దు. వేసవిలో వెళ్లక తప్పదనుకుంటే మధ్యాహ్నం ఒంటి గంటకల్లా ఎత్తైన భాగం దాటేసి ఉండాలి.

వాతావరణ సూచన కోసం ఫోన్‌లోని మామూలు యాప్‌తో సరిపెట్టుకోకండి. ఈ ప్రాంతం జాతీయ వాతావరణ సేవ వారి మిడ్‌లాండ్/ఒడెస్సా కార్యాలయం కిందికి వస్తుంది. వాళ్ల సైట్‌లో గంట గంటకూ గాలి దిక్కు, వేగం ఉంటాయి. రోడ్డు మూసివేతలకు టెక్సాస్ రవాణా శాఖ వారి డ్రైవ్‌టెక్సాస్ చూడండి. మంటల సంగతి కూడా అడిగి తెలుసుకోండి. 2011 ఏప్రిల్‌లో మార్ఫా దగ్గర పుట్టిన రాక్ హౌస్ మంట మూడు లక్షల ఎకరాలకు పైగా కాల్చేసి ఫోర్ట్ డేవిస్‌లో ఇళ్లను కూడా తగలబెట్టింది. ఎండుగడ్డి కాలంలో రోడ్డు పక్కన స్టవ్ వెలిగించి టీ పెట్టుకునే ఆలోచన మానుకోండి.

2. వెలుగు లెక్క

చాలామందికి తెలియకుండా దెబ్బకొట్టేది ఇదే. ఫోర్ట్ డేవిస్ చాలా పడమరగా ఉన్నా గడియారం మాత్రం డాలస్‌దే. అందుకని అక్టోబరు చివర్లో ఉదయం ఎనిమిది దాటితే గానీ సూర్యుడు రాడు. సాయంత్రం ఏడుంబావు ప్రాంతంలో అస్తమిస్తాడు. మార్చి మధ్యలో గడియారాలు ముందుకు జరిపాక కూడా సూర్యోదయం ఎనిమిది ప్రాంతమే. "ఐదింటికే బయల్దేరి ఎండ ముదిరేలోపు సగం లాగించేద్దాం" అనే మన హైదరాబాద్ లెక్క ఇక్కడ కుదరదు. మూడు గంటలు చీకట్లో, దుప్పులు తిరిగే లోయలో తొక్కాల్సి వస్తుంది.

ఏడున్నరకు, మసక వెలుగు రాగానే, ముందూ వెనకా లైట్లు వేసుకుని బయల్దేరడం మంచిది. ఈ ఎత్తుపల్లాల మీద సామాను లేని మామూలు రైడర్ సగటు గంటకు 10, 11 మైళ్లు. అంటే తొక్కడానికే ఏడు గంటలు. ఆగడాలు, ఫొటోలు, భోజనం, ఒక పంక్చరు కలిపి ఇంకో రెండు గంటలు. నాలుగున్నర, ఐదింటికి ఊళ్లో ఉంటారు. చీకటికి ఇంకా రెండు గంటలు మిగులుతాయి. ఆ రెండు గంటలు అత్యవసరానికి దాచుకున్న డబ్బు లాంటివి. వాటిని దారిలో నింపాదిగా కూర్చోవడానికి ఖర్చు పెట్టకండి.

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి జరుగుతాయి. ఆ తర్వాత సాయంత్రం ఆరింటికే చీకటి పడుతుంది. అప్పుడు వెళ్తే మీరు కూడా గంట ముందే, ఆరున్నరకే బయల్దేరండి.

3. ఎటు తిరగాలి

ముందు 118 ఎక్కి, తర్వాత 166 మీదుగా రండి. అంటే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశ. కారణాలున్నాయి. ఎక్కుడంతా దాదాపు మొదటి సగంలోనే ఉంటుంది. అది చల్లటి పొద్దుటిపూట, లోయ నీడలో అయిపోతుంది. చివరి పాతిక మైళ్లు తూర్పుకు సాగుతాయి కాబట్టి పడమటి గాలి వీపు తడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, వెనక్కి తిరగాలా వద్దా అన్న నిర్ణయం ఎత్తు మీద తీసుకుంటారు. వెనక్కి తిరిగితే ఊరి దాకా ఎక్కువ భాగం దిగుడే. 166 వైపు నుంచి మొదలుపెడితే మొదటి పాతిక మైళ్లు ఎదురుగాలి, అలిసిపోయిన సమయానికి కొండ ఎదురవుతుంది.

4. సైకిల్‌ను సిద్ధం చేయడం

ఇక్కడి తారురోడ్డు మన కాలనీ రోడ్డులా నున్నగా ఉండదు. తారు మీద కంకర చల్లి అదిమిన గరుకు రోడ్డు. సన్నటి 25 మిల్లీమీటర్ల టైరు మీద గంటల తరబడి వెళ్తే మణికట్లు, మెడ పట్టేస్తాయి. 32 లేదా 35 మిల్లీమీటర్ల టైరు వేసి, గాలి కాస్త తగ్గించి తొక్కండి. వేగం పెద్దగా పోదు, ఒళ్లు మిగులుతుంది. గేర్ల విషయంలో, ముందున్న చిన్న పళ్లచక్రం కంటే వెనకున్న పెద్ద పళ్లచక్రం పెద్దదిగా, కనీసం సమానంగా ఉండాలి. నీళ్ల బరువుతో ఎక్కుతున్నారన్నది మర్చిపోకండి.

పంక్చర్ల దగ్గర కాస్త ఆగుదాం. రోడ్డు అంచున నేలను అంటిపెట్టుకుని, చిన్న చిన్న పసుపు పూలతో పాకే ఒక తీగ కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే మీకు కొత్తగా అనిపించదు. మన చేల గట్ల మీద చెప్పులు లేని కాళ్లకు గుచ్చుకునే పల్లేరు అదే. అక్కడ గోట్‌హెడ్ అంటారు. ఎండిన కాయ నాలుగైదు ముక్కలుగా విడిపోతుంది. ప్రతి ముక్కకూ రెండు కొమ్ముల్లాంటి ముళ్లు. ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ఫొటో కోసమో ఇంకో పనికో రోడ్డు దిగినప్పుడల్లా సైకిల్‌ను దొర్లించకండి, ఎత్తి పట్టుకోండి. మళ్లీ రోడ్డెక్కే ముందు చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ టైరంతా కళ్లతో వెతకండి. ముల్లు గుచ్చుకుని కనిపిస్తే ఏం చేయాలన్నది టైరును బట్టి ఉంటుంది. ట్యూబు లేకుండా లోపల సీలెంట్ (రంధ్రాలు పూడ్చే ద్రవం) ఉంటే పీకేసి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి నిమిషం ఆగితే మూసుకుంటుంది. ట్యూబు ఉంటే, గాలి నిలిచినంతసేపూ పీకకుండా నీడ దొరికే చోటికి చేరుకుని, అక్కడ తీరిగ్గా మార్చుకోండి. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపలి వైపు వేలితో కాకుండా గుడ్డతో తుడవండి. విరిగిన ముల్లు మొన లోపలే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. ఒక చిన్న పట్టకారు తీసుకెళ్తే ఈ మొన పీకడం సులువు.

వెంట ఉండాల్సినవి: రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్, చేత్తో కొట్టే పంపు, మల్టీటూల్, చెయిన్ జాయింటు లింకు, మీ ఫ్రేమ్‌కు సరిపడే డెరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కు తగిలించే లోహపు ముక్క), పాత టైరు నుంచి కోసిన అరచేయంత ముక్క, నాలుగు జిప్ టైలు. గ్యాస్ కార్ట్రిడ్జ్ మీదే ఆధారపడొద్దు, అది అయిపోతే అయిపోయినట్లే. టైరు పక్కగోడ చిరిగితే ఆ పాత టైరు ముక్కను లోపల పెట్టి ఊరి దాకా రావచ్చు. సైకిల్ షాపు దొరుకుతుందిలే అన్న ఆశతో ఏదీ ఇంటి దగ్గర వదిలిపెట్టకండి.

5. నీళ్లు

ఈ నేల చరిత్రంతా నీటి చుట్టూనే తిరిగింది. 1854లో ఇక్కడ కోట కట్టింది సాన్ ఆంటోనియో, ఎల్ పాసో మధ్య రోడ్డును కాపాడటానికి. ఆ చోటును ఎంచుకోవడానికి పక్కనే పారే లింపియా వాగు కూడా ఒక కారణం. గుర్రపు బళ్లు ఊట నుంచి ఊటకు ప్రయాణించేవి. ఈ రోజుకీ సైకిల్ మీద వెళ్లేవాడి పరిస్థితి అదే, కాకపోతే ఆ ఊటలిప్పుడు కంచెల వెనక ఉన్నాయి.

నీళ్లు కచ్చితంగా దొరికే ఆఖరి చోటు డేవిస్ మౌంటెన్స్ స్టేట్ పార్క్. ఊరి నుంచి నాలుగు మైళ్లు. పదహారో మైలు దగ్గర, టెలిస్కోపులతో ఆకాశాన్ని పరిశీలించే మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ సందర్శకుల కేంద్రం ఉంది. అక్కడా నీళ్లుంటాయి, కానీ అది తెరిచే రోజులు, వేళలు మారుతుంటాయి. మీరు పొద్దున తొమ్మిదిన్నరకు చేరేసరికి తలుపులు మూసి ఉండొచ్చు. కాబట్టి లెక్క ఎప్పుడూ పార్క్ నుంచే వేసుకోండి. అబ్జర్వేటరీ తెరిచి ఉంటే లాభం, మూసి ఉంటే నష్టం లేదు, అలా ఉండాలి ఏర్పాటు.

పార్క్ నుంచి చుట్టు తిరిగి ఊరికి 70 మైళ్లు. తొక్కే సమయం ఆరున్నర గంటలు. చల్లటి రోజున గంటకు 700 మిల్లీలీటర్లు అనుకున్నా నాలుగున్నర లీటర్లు. రెండు గంటలు అదనంగా ఇరుక్కుపోతే తాగడానికి ఇంకో లీటరున్నర. మొత్తం ఆరు లీటర్లు. ఆరు కిలోల బరువని జంకకండి. ఫ్రేమ్ మీద రెండు బాటిళ్లు, ముందు ఫోర్కుకు రెండు లీటరు సీసాలు, ఫ్రేమ్ సంచిలో రెండు, మూడు లీటర్ల నీటి సంచి. బరువు ఎంత కిందికి ఉంటే దిగుళ్లలో సైకిల్ అంత నిలకడగా ఉంటుంది. వీపు మీద మోయకండి, ఆరు గంటల తర్వాత నడుము ఊరుకోదు.

ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, చెమట పట్టినట్టే తెలియదు. హ్యూస్టన్‌లో చొక్కా తడిసి ముద్దవుతుంది కాబట్టి ఒంట్లోంచి నీళ్లు పోతున్నాయని తెలుస్తుంది. ఇక్కడ చెమట పట్టిన క్షణమే ఆరిపోతుంది. చేతి మీద తెల్లగా ఉప్పు పొర చూసుకున్నప్పుడే ఎంత పోయిందో అర్థమవుతుంది. దాహం కోసం ఎదురుచూడకుండా పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగండి. ఉట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. సగం సీసాల్లో ఓఆర్ఎస్ కలపండి. పొట్లాలు లేకపోతే లీటరుకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఒక నిమ్మకాయ పిండితే తాగబుద్ధవుతుంది.

గాలిమర కింద పశువుల తొట్టి కనిపిస్తుంది. నీళ్లు తళతళలాడుతూ ఉంటాయి. అవి కంచె అవతల ఉన్నాయి, పైగా వాటిలో ఏముందో తెలియదు. వాటిని మీ లెక్కలో కలపకండి.

6. తిండి

గంటకు యాభై, అరవై గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. మొదటి గంట నుంచే మొదలుపెట్టాలి. జెల్ ప్యాకెట్లు ఆరు గంటల పాటు ఎవరూ తినలేరు. నాలుగో గంటకు నాలుక తీపిని కాదంటుంది. అక్కడే మన తిండి పనికొస్తుంది. చింతపండు పులిహోర ఫ్రిజ్ లేకుండా రోజంతా నిలుస్తుంది. ముందు రాత్రి కలిపి, గుప్పెడు గుప్పెడు ఫాయిల్‌లో ముద్దలుగా చుట్టుకుంటే ఒంటి చేత్తో తినొచ్చు. ఉప్పు, పులుపు, అన్నం అన్నీ అందులోనే. వేరుశనగ పట్టీలు, ఖర్జూరాలు, అరటిపండ్లు జేబులో పెట్టుకోండి. సున్నుండలు శక్తికి మంచివే గానీ నెయ్యి ఎక్కువ కాబట్టి ఎక్కుడులో అరగవు. వాటిని 166 మీద చదునైన భాగానికి దాచుకోండి. పెరుగన్నం వద్దు, ఎండలో పులిసిపోతుంది.

7. ఫోన్, కాగితాలు

స్టేట్ పార్క్ దాటాక ఎక్కువ దూరం సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. శాటిలైట్ ద్వారా సందేశం పంపే పరికరం అద్దెకైనా తీసుకెళ్లండి. ఐఫోన్ 14 నుంచి ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ శాటిలైట్ ద్వారా పనిచేస్తుంది, ఇంటి దగ్గరే దాని డెమో ఒకసారి నడిపి చూసుకోండి. ఆందోళనలో నేర్చుకునే పని కాదది. ఇంట్లోవాళ్లకో, బస చేసిన చోటో ఒక కాగితం మీద రాసివ్వండి: ఏ దారి, ఎటు వైపు, ఎన్నింటికి తిరిగొస్తాను, ఎన్ని దాటితే షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేయాలి. ఇంకా రాలేదేమిటని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడుతూ కూర్చోకుండా ఆ చివరి గంట స్పష్టంగా ఉండాలి. దగ్గర్లోని ఆసుపత్రి ఆల్పైన్‌లో ఉంది, ఫోర్ట్ డేవిస్ నుంచి ఇంకో 24 మైళ్లు.

ఇంకో మాట మనవాళ్లకు తప్పకుండా చెప్పాలి. మెక్సికో సరిహద్దు దగ్గరే కాబట్టి బోర్డర్ పెట్రోల్ వాహనాలు ఈ రోడ్ల మీద తిరుగుతాయి, చుట్టుపక్కల హైవేల మీద చెక్‌పోస్టులున్నాయి. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, ఐ-94 కాగితం, గ్రీన్ కార్డు వాళ్లు కార్డు వెంట ఉంచుకోవాలి. అలా ఉంచుకోవడం చట్టం అడిగేదే. తడవకుండా జిప్ కవర్లో పెట్టి సంచి అడుగున పెట్టేయండి.

8. ముందు రోజు

డాలస్ నుంచి ఐ-20 మీద పేకోస్ దాకా, అక్కడి నుంచి 17 మీద బాల్మోరియా మీదుగా ఫోర్ట్ డేవిస్. దాదాపు 480 మైళ్లు, ఆగుళ్లతో ఎనిమిది గంటలు పడుతుంది. మిడ్‌లాండ్ దాటాక చమురు ట్యాంకర్ల రద్దీ ఉంటుంది, జాగ్రత్త. వెలుగుండగా చేరగలిగితే కారులోనే లూప్ మొత్తం ఒకసారి తిరిగి రండి. రెండు గంటల పని. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ రోడ్డు అంచు సన్నగా ఉంది, ఏ మలుపు తర్వాత దిగుడు నిటారుగా ఉంది, అన్నీ తెలుస్తాయి. రాత్రి స్టేట్ పార్క్‌లోనే గుడారం వేసుకుంటే ఎత్తుకు కొంత అలవాటు పడతారు. ఫోర్ట్ డేవిస్ దాదాపు 4,900 అడుగుల ఎత్తు. డాలస్ వాళ్లకు మొదటి ఎక్కుడులోనే ఊపిరి అందనట్టు అనిపిస్తుంది. అది ఫిట్‌నెస్ లోపం కాదు, ఒక గేరు తగ్గించి తొక్కండి.

9. మొదటి 29 మైళ్లు

లోయలో నెమ్మదిగా ఎక్కుతారు. పొద్దున చలి వేళ్లను కొరుకుతుంది, పూర్తి చేతి గ్లవ్స్ వేసుకోండి. పార్క్‌లో నీళ్లు నింపుకున్నాక ఎక్కుడు ముదురుతుంది. అబ్జర్వేటరీ దగ్గర లాక్ పర్వతం పైకి వెళ్లే చిన్న రోడ్డు, స్పర్ 78, టెక్సాస్ హైవేలన్నింటిలో ఎత్తైన చోటికి తీసుకెళ్తుంది. అక్కడ ఎత్తు 6,790 అడుగుల చిల్లర. చాలా నిటారు. పైకెళ్లి చూడాలని మనసు లాగుతుంది. కానీ సాయంత్రమో మర్నాడో కారులో వెళ్లండి. ఈ రోజు కాళ్లను అక్కడ ఖర్చు పెట్టొద్దు.

అక్కడి నుంచి దిగుతూ ఎక్కుతూ మడెరా లోయ చేరతారు. దాదాపు 24వ మైలు దగ్గర రోడ్డు పక్కన బల్లలున్న విశ్రాంతి స్థలం ఉంది, చెట్ల నీడ ఉంది. నీళ్లుంటాయని అనుకోకండి. ఇక్కడ ఇరవై నిమిషాలు ఆగి తినండి. ఎడమ పక్కన కనిపించే కొండల్లోనే లివర్‌మోర్ శిఖరం ఉంది, 8,300 అడుగులకు పైనే.

29వ మైలు దగ్గర 166 చీలుతుంది. ఇదే ఈ రోజుకు గుమ్మం. సైకిల్ ఆపి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మధ్యాహ్నం పన్నెండు దాటిందా? నీళ్లు నాలుగు లీటర్ల కంటే తక్కువున్నాయా? మోకాలు, కడుపు, తల ఏదైనా తేడాగా ఉందా? పడమటి వైపు మబ్బు కట్టిందా? ఒక్కదానికి అవునన్నా వెనక్కి తిరగండి. 58 మైళ్ల మంచి రైడ్ అవుతుంది. గుంపుగా వెళ్తే ఈ ప్రశ్నలు ముందే అందరికీ చెప్పి ఉంచండి, ఒకరి అవును అందరి అవునుగా ఒప్పుకోండి. ఇక్కడ వాదన పెట్టుకుంటే ఎప్పుడూ మొండివాళ్లదే పైచేయి అవుతుంది.

10. 166 మీద

సాటూత్ పర్వతం రంపపు పళ్ల లాంటి శిఖరంతో ఎదురవుతుంది. అది దాటాక కొండలు వెనక్కి జరిగి పెద్ద మైదానం తెరుచుకుంటుంది. పడమర అంచున సియెర్రా వియేహా కొండల వరుస. ఈ దారిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. అరగంట తొక్కినా ఎదుటి కొండ దగ్గరైనట్టు ఉండదు. అలాంటప్పుడు దూరం చూడటం మాని మైలు లెక్కన, తిండి లెక్కన సాగండి. నీడ లేదు కాబట్టి పొడుగు చేతుల పలచటి చొక్కా, మెడ కప్పే గుడ్డ, పెదవులకు బామ్ అవసరం.

వాహనాలు తక్కువ. వచ్చేవాటిలో పశువులను లాగే ట్రైలర్లుంటాయి. అవి పక్క నుంచి వెళ్లేటప్పుడు ముందు గాలి నెట్టి, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. హ్యాండిల్‌బార్ రెండు చేతులా పట్టుకుని, మోచేతులు వదులుగా ఉంచండి. ఎదురొచ్చే పికప్ డ్రైవర్ స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు. మీరూ చెయ్యెత్తండి. ఆగి "బాగానే ఉన్నావా" అని అడిగేవాళ్లూ ఉంటారు. నీళ్లు తక్కువైతే మొహమాటపడకుండా అప్పుడే అడగండి. తర్వాతి బండి ఎప్పుడొస్తుందో చెప్పలేం.

వాలెంటైన్ వైపు వెళ్లే 505 రోడ్డు కుడి పక్కన చీలుతుంది, అటు తిరగకండి. ఇంకాస్త ముందుకెళ్తే బ్లాయ్స్ క్యాంపు కనిపిస్తుంది. 1890 నుంచి రాంచ్ కుటుంబాలు వేసవిలో ఇక్కడ కలిసి ప్రార్థనలు, భోజనాలు జరుపుకుంటున్నాయి. మిగతా రోజుల్లో నిర్మానుష్యం. అక్కడి నుంచి ఊరికి ఇంకా పదహారు మైళ్లు. తర్వాత పాయింట్ ఆఫ్ రాక్స్ అనే బండరాళ్ల గుట్ట పక్కన విశ్రాంతి స్థలం ఉంది. ఆఖరి ఆగుడు అక్కడ పెట్టుకోండి, దాచుకున్న పులిహోర ముద్ద అక్కడ తినండి. రాళ్ల మీద కూర్చునే ముందు చుట్టూ చూడండి, గిలకపాములకు ఎండ తగిలే రాళ్లంటే ఇష్టం.

11. కంచె, గేటు, ఆవు

రోడ్డుకూ కంచెకూ మధ్యనున్న గడ్డి అంచు ప్రభుత్వానిది. అక్కడ ఆగొచ్చు. కంచె అవతలంతా ఒకరి సొంతం. గుంజలకు ఊదా రంగు పట్టీ కనిపిస్తే, 1997 నుంచి టెక్సాస్ చట్టంలో దానికి "లోపలికి రావద్దు" బోర్డుతో సమానమైన విలువ ఉంది. నీడ కోసమైనా, మరుగు కోసమైనా కంచె దాటకండి. రాంచ్ గేటు ముందు సైకిల్ అడ్డంగా పెట్టకండి. రోడ్డుకు అడ్డంగా ఇనుప కమ్మీలు పరిచిన క్యాటిల్ గార్డ్ ఎక్కడైనా దాటాల్సి వస్తే చక్రం నిటారుగా, కమ్మీలకు అడ్డంగా ఉంచి, బ్రేకు పట్టకుండా దాటండి. తడిగా ఉంటే దిగి నడవండి.

కంచె దాటి రోడ్డు మీదికి వచ్చిన పశువు ఎదురైతే ఏం చేయాలో ఒక ఉదాహరణతో చెబుతాను. సాటూత్ దాటాక ఒక మలుపులో ఎర్ర ఒళ్లు, తెల్ల మొహం ఉన్న హెర్‌ఫర్డ్ ఆవు రోడ్డుకు కుడివైపు మేస్తోంది. దాని దూడ ఎడమ అంచున పడుకుని ఉంది. ఆవు తలెత్తింది, చెవులు రెండూ ముందుకు తిప్పింది, మేత నమలడం ఆపేసింది. అప్పుడు నేను యాభై గజాల దూరంలోనే దిగి, సైకిల్‌ను నాకూ దానికీ మధ్య పెట్టుకుని, మామూలు గొంతుతో మాట్లాడుతూ నిలబడ్డాను. సైకిల్ చప్పుడు లేకుండా వస్తుంది కాబట్టి మనిషి గొంతు వినిపిస్తే పశువు అంతగా బెదరదు. రెండు మూడు నిమిషాలకు ఆవు రోడ్డు దాటి దూడ దగ్గరికి చేరింది, దూడ లేచి పొదుగు వెతుక్కుంది. అప్పుడు కుడి అంచు పట్టుకుని నడిపించుకుంటూ దాటాను. తల్లికీ బిడ్డకీ మధ్య నుంచి మాత్రం వెళ్లకూడదు. గంట కొట్టడం, అరవడం, వేగంగా దూసుకెళ్లడం కూడా వద్దు. పశువు బెదిరి పరుగెత్తితే మీ ముందే పరుగెడుతుంది, లేదా అటు వస్తున్న బండికి అడ్డం పడుతుంది. దాటాక మొదట కనిపించిన పికప్‌ను ఆపి ఎక్కడ చూశారో చెప్పండి. ఎవరి ఆవో వాళ్లకు తెలిసే ఉంటుంది.

12. ఊరు చేరాక

166 వెళ్లి 17లో కలిసే చోట ఎడమకు తిరిగితే రెండు మైళ్లలో ఊరు. ముందుగా, మీరు చేరినట్టు ఆ కాగితం ఇచ్చిన మనిషికి చెప్పండి. మర్చిపోతే షెరిఫ్ బండి మీ కోసం చీకట్లో తిరుగుతుంది. చిన్న ఊరు కాబట్టి భోజనశాలలు, కిరాణా పెందలాడే మూసేస్తారు, కొన్ని రోజులు అసలు తెరవరు. కారులో రాత్రి భోజనానికి ఏదో ఒకటి ముందే పెట్టుకోండి. చలి వేగంగా దిగుతుంది, తడి బట్టలు వెంటనే మార్చుకోండి.

ఓపికుంటే అబ్జర్వేటరీలో రాత్రి నక్షత్ర వీక్షణ కార్యక్రమం చూడొచ్చు. టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి. కొండ మీదికి కారు లైట్లు తగ్గించుకుని వెళ్లండి, తెల్లటి టార్చి వాడకండి. అదే రాత్రి డాలస్‌కు తిరుగు ప్రయాణం మాత్రం పెట్టుకోవద్దు. ఒళ్లు అలిసి ఉంటుంది, 17 మీద బాల్మోరియా దాకా దుప్పులు, అడవి పందుల్లాంటి హావెలీనాలు రోడ్డు దాటుతుంటాయి. రాత్రి పడుకుని, పొద్దెక్కాక బయల్దేరి, దారిలో బాల్మోరియా ఊట కొలను తెరిచి ఉందో లేదో కనుక్కుని కాళ్లు అందులో పెట్టండి.